ఆదివారం తాళం తీసేదెవరు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. సీటీసీ అంటే ఆటోవాలా కూడా నేరుగా తీసుకెళ్లి దింపుతాడు. మదర్‌బోర్డు మొదలు మౌస్ దాకా కంప్యూటర్‌కు కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. ఆఫీసులు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లను తుడిచి, ర్యామ్ పెంచి, మళ్లీ అమ్మకానికి పెట్టే దుకాణాలు వరుసగా ఉంటాయి. ఆ దగ్గర్లోనే పారడైజ్ మెట్రో స్టేషన్. దాని తర్వాతది రసూల్‌పురా. కంటోన్మెంట్ వైపు కిక్కిరిసిన బస్తీలకు అక్కడే దిగాలి. నగరంలో కంప్యూటర్ల అంగడికీ, ఇంట్లో కంప్యూటర్ అన్నదే లేని పిల్లలకూ మధ్య దూరం ఒక్క స్టేషన్.

ఈ దూరం ఎవరి కంటబడినా తోచే ఉపాయం ఒకటే: కంప్యూటర్లు కొనిద్దాం. ప్రభుత్వాలు కొన్నాయి, కంపెనీలు కొన్నాయి, విదేశాల్లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులూ కొనిచ్చారు. రిబ్బన్లు కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఏడాది తిరిగాక వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయని అడిగితే మాత్రం జవాబు చెప్పే నాథుడు ఉండడు. పిల్లలకు ఉచితంగా కోడింగ్ నేర్పే స్వచ్ఛంద క్లబ్బుల గురించి ఆలోచించేటప్పుడు లెక్క రెండో వైపు నుంచి మొదలుపెట్టాలి. ప్రతి ఆదివారం వేళకు వచ్చి తాళం తీసే మనిషి ఉన్నాడా? తీయడానికి గది ఉందా? ఈ రెండూ ఉన్నచోట పాత కంప్యూటర్లతోనూ క్లబ్బు నడుస్తుంది. లేనిచోట కొత్తవి అట్టపెట్టెల్లోనే పాతబడతాయి.

పరికరాలు వచ్చాయి, పాఠం రాలేదు

బడి పిల్లలకు కంప్యూటర్ చూపించాలని మన దేశం తలపెట్టిన తొలి పెద్ద ప్రయత్నం 1984-85లో మొదలైన ‘క్లాస్’ ప్రాజెక్టు. బ్రిటన్ నుంచి తెచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన పాఠశాలలకు ఇచ్చారు. తర్వాత 2004లో ‘ఐసీటీ ఎట్ స్కూల్’ పథకం వచ్చింది. ‘క్లాస్’ మొదలై నాలుగు దశాబ్దాలు గడిచాక, యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం దేశంలో కంప్యూటర్ సదుపాయం ఉన్న బడులు 64.7 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 63.5 శాతం. అంటే ఇప్పటికీ మూడింట ఒక బడికి కంప్యూటరే లేదు. ఉన్న బడుల్లోనూ, నేర్పేందుకు ప్రత్యేకంగా మనిషి ఉన్నారా, వారానికి ఒక్కో పిల్లవాడి చేతికి ఎన్ని నిమిషాలు కీబోర్డు దొరుకుతోందన్నది ఈ శాతాలు చెప్పవు.

పరికరం చేతికిస్తే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని ప్రపంచం కూడా ఒకసారి పరీక్షించి చూసింది. ‘పిల్లవాడికో ల్యాప్‌టాప్’ ఉద్యమంలో భాగంగా దక్షిణ అమెరికాలోని పెరూ లక్షలాది ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు తేల్చినదేమిటంటే, గణితంలో గానీ భాషలో గానీ పిల్లల ఫలితాలు మెరుగైన దాఖలా లేదు. ఆలోచనా సామర్థ్యాన్ని కొలిచే కొన్ని పరీక్షల్లో మాత్రం కొంత మేలు కనిపించింది. ల్యాప్‌టాప్ వాడకం పెరిగింది, దాని చుట్టూ బోధన మాత్రం మారలేదు.

మన పక్కనే మరో ఉదాహరణ ఉంది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5.18 లక్షల ట్యాబులు పంచింది. వాటిలో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్ ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. అయితే పిల్లల చదువును ఒక్క కంపెనీ భవిష్యత్తుతో ముడిపెడితే ఏమవుతుందో అందరికీ తెలిసివచ్చింది.

భయం అమ్ముకున్న వ్యాపారం

కోడింగ్ అనగానే మధ్యతరగతి తల్లిదండ్రుల గుండెల్లో గుబులు రేపినవి వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనలు. 2018లో పుట్టిన ఈ సంస్థను 2020 ఆగస్టులో బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొంది. వూల్ఫ్ గుప్తా అనే పిల్లవాడు యాప్ తయారుచేసి కోట్లకు అధిపతి అయ్యాడని ప్రచారం సాగింది. అలాంటి పిల్లవాడు అసలు లేడు, ప్రకటన కోసం అల్లిన పాత్ర. 2020 అక్టోబర్‌లో ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరం చెప్పాక ఆ సంస్థ అయిదు ప్రకటనలను వెనక్కి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ ఉండాలని చెప్పడాన్ని కూడా వ్యాపారులు తమకు అనుకూలంగా మలుచుకున్నారు. ‘మీవాడు ఇప్పుడు మొదలుపెట్టకపోతే వెనకబడిపోతాడు’ అన్న ఒక్క మాట మీద వేల రూపాయల ఫీజులు వసూలయ్యాయి.

ఆ ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లల సంగతేమిటి? 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి దేశంలో పట్టణ కుటుంబాల్లో 23.4 శాతం, గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతం ఇళ్లలోనే కంప్యూటర్ ఉంది. స్మార్ట్‌ఫోన్ ఆ లోటు తీర్చిందని కొందరు వాదిస్తారు. గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన 2024 ‘అసర్’ సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో 57 శాతం మంది చదువుకు సంబంధించిన పనికి వాడితే, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఫోన్ ఎక్కువగా చూడటానికి పనికొస్తుంది, కంప్యూటర్ చెయ్యడానికి పనికొస్తుంది. తేడా తెలియాలంటే రెంటి ముందూ కూర్చునే అవకాశం పిల్లలకు ఉండాలి.

నక్షత్రం గీయడంలో పాఠం

కార్పొరేట్ కోడింగ్ తరగతికీ, స్వచ్ఛంద క్లబ్బుకూ తేడా ఫీజులోనే లేదు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్ అనే కుర్రవాడు, బిల్ లియావ్ అనే వ్యాపారవేత్తతో కలిసి ‘కోడర్‌డోజో’ ప్రారంభించాడు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో క్లేర్ సట్‌క్లిఫ్, లిండా శాండ్విక్ ‘కోడ్ క్లబ్’ పెట్టారు. రెండూ ఫీజు లేనివి, వలంటీర్లు నడిపేవి. మార్కులు, ర్యాంకులు ఉండవు. 2015లో ఒకటి, 2017లో మరొకటి రాస్ప్‌బెరీ పై ఫౌండేషన్‌లో కలిశాయి. పాఠాలన్నీ అందరూ వాడుకునేలా ఉంచడం వల్ల ఎవరైనా, ఎక్కడైనా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మొదలుపెట్టగలిగారు. తెలంగాణలో కూడా సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ మొయినాబాద్‌లో నెలకొల్పిన కోడింగ్ అకాడమీలో ఇదే ఫౌండేషన్ పాఠ్యాంశాల రూపకల్పనలో పాలుపంచుకుంది.

ఈ క్లబ్బుల్లో ఎక్కువగా వాడేది స్క్రాచ్. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ టైప్ చేయనక్కర్లేదు, రంగు దిమ్మెలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు. డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకుండానూ నడుస్తుంది. దీని మూలాలు 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్‌జైగ్ రూపొందించిన ‘లోగో’ ప్రోగ్రామింగ్ భాషలో ఉన్నాయి. కంప్యూటర్ చెప్పినట్టు పిల్లలు నడవడం కాకుండా, పిల్లలు చెప్పినట్టు కంప్యూటర్ నడవాలన్నది పాపర్ట్ పట్టుదల.

ఆ పట్టుదలకు అర్థం ఒక చిన్న అభ్యాసంలో కనిపిస్తుంది. అయిదు కొమ్ముల నక్షత్రం గీయమని పిల్లలకు చెప్పండి. చతురస్రం గీయడం అప్పటికే వచ్చు: వంద అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు, దీన్ని నాలుగుసార్లు చెయ్యి. నక్షత్రానికి అయిదుసార్లు చేయాలని ఊహిస్తారు. ఎంత తిరగాలి? 360ని అయిదుతో భాగించి 72 పెడతారు, పంచభుజి వస్తుంది. నక్షత్రం కొన దగ్గర కోణం 36 కదా అని అది పెడతారు, గీత సగంలో వంగి ఆగిపోతుంది. అప్పుడు ఒకరు లేచి నేల మీద నడిచి చూస్తారు. కొన దగ్గరికి వెళ్లినవాడు దాదాపు వెనక్కి మళ్లాలని ఒంటికి తెలుస్తుంది. 180లోంచి 36 తీసేస్తే 144. తెర మీద నక్షత్రం వస్తుంది. బడిలో బాహ్యకోణాల సూత్రం బట్టీపట్టిన పిల్లలకే ఆ సూత్రం దేనికో ఇక్కడ అర్థమవుతుంది. సంక్రాంతి ముగ్గును ఇదే పద్ధతిలో కోడ్‌గా మార్చమంటే, ఇంట్లో ముగ్గేసే ఆడపిల్లలు మగపిల్లలకు నేర్పే స్థితి వస్తుంది.

‘కోడ్ రాయడానికి ఏఐ ఉండగా పిల్లలకెందుకీ శ్రమ?’ అన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ 72కూ 144కూ మధ్య జరిగిన పనిలోనే ఉంది. తప్పు ఎక్కడుందో వెతకడం, ఊహను పరీక్షకు పెట్టడం, పక్కవాడి ఆలోచన వినడం ఈ క్లబ్బు నేర్పే అసలు విద్యలు. ఏఐ ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో పట్టుకోవాలన్నా ఇవే కావాలి. అందరూ ఇంజినీర్లు అవుతారన్న హామీ ఏ క్లబ్బూ ఇవ్వకూడదు. ఇస్తే అది కూడా ఆ ప్రకటనల దారే పట్టినట్టు.

ఎక్కడ ఆగిపోతాయి?

హైదరాబాద్‌లో ఇలాంటి పని కొత్త కాదు. 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని ఇంజినీరింగ్ కళాశాలల్లోకి తీసుకెళ్లింది, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. దాని కార్యకర్తలు బస్తీల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే కేంద్రాలూ నడిపారు. విద్యార్థుల ఉత్సాహం అలాంటి కేంద్రాలకు ప్రాణం. అదే వాటి బలహీనత కూడా. ఫైనలియర్ పిల్లలు ఉద్యోగాలకు బెంగళూరో పుణెనో వెళ్లిపోతే, వాళ్ల వెనక మరో బ్యాచ్‌ను ఎవరో ఒకరు తయారుచేసి ఉండాలి.

ఐటీ ఉద్యోగుల సంగతి ఇంకోరకం. ప్రభుత్వ లెక్క ప్రకారం 2022-23 నాటికి తెలంగాణ ఐటీ రంగంలో 9.05 లక్షల మంది పనిచేస్తున్నారు. వెయ్యి మందిలో ఒక్కరు నెలకు రెండు ఆదివారాలు ఇస్తే తొమ్మిది వందల మంది అవుతారు. ఒక క్లబ్బుకు ప్రతి ఆదివారం ముగ్గురు కావాలంటే, వంతులవారీగా ఆరుగురు చాలు. నూటయాభై క్లబ్బులు నడుస్తాయి. కానీ మాదాపూర్, గచ్చిబౌలిలలో ఉద్యోగం చేసి అటువైపే కాపురముండేవారు లాలాగూడకో అడ్డగుట్టకో వారం వారం రావడం మాటలు కాదు. మొదటి నెల పదిమంది వస్తారు, మూడో నెలకు ఇద్దరు మిగులుతారు. వలంటీర్లను పనిచేసే చోటును బట్టి గాక ఉండే చోటును బట్టి ఎంచుకోవాలి. తార్నాక, మారేడుపల్లి, బోయిన్‌పల్లి, సైనిక్‌పురిలలో ఉద్యోగులకు కొదవ లేదు, రిటైరైన రైల్వే, రక్షణ రంగ ఇంజినీర్లకూ కొదవ లేదు. పొద్దున్నే వచ్చి తాళం తీయడంలో రిటైరైనవారిని మించిన నమ్మకస్తులు దొరకరు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు కూడా ఇదే జబ్బు ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద అర్హమైన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చుపెట్టాలి. ఒకరోజు బస్సులో వచ్చి, టీషర్టులు పంచి, ల్యాప్‌టాప్‌లు అప్పగించి వెళ్లడం ఆ ఖర్చుకు తేలికైన దారి. రెండేళ్లపాటు ఒక గది కరెంటు బిల్లు, ఒక కోఆర్డినేటర్ గౌరవ వేతనం, పాడైన ఛార్జర్ల ఖర్చు భరించడానికి ముందుకొచ్చేవారు తక్కువ. అవి ఫొటోలో కనిపించవు మరి.

క్లబ్బు క్యాలెండర్ బస్తీ క్యాలెండర్‌తో కలవాలి. ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం నాడు సికింద్రాబాద్‌లో ఏ పిల్లా తరగతికి రాదు. రంజాన్ నెలలో వేళలు మారతాయి. కంటోన్మెంట్‌లో క్రిస్మస్ సందడి ముందే మొదలవుతుంది. వేసవిలో సగంమంది సొంతూళ్లకు వెళతారు. పన్నెండు వారాల పాఠ్యక్రమం రాసుకుని, మధ్యలో పిల్లలు రాలేదని నిరుత్సాహపడటం కంటే, ఏ వారం వచ్చినా ఆ వారమే ముగిసే చిన్న ప్రాజెక్టులు పెట్టుకోవడం మేలు.

భాష మరో చిక్కు. తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక అక్షరాలు చదవగలుగుతున్నారు, చదివినదాని భావం చాలామందికి అందదు. క్లబ్బులో సంభాషణ పిల్లల భాషల్లో సాగాలి, తెర మీది ఇంగ్లిష్ మాటలను వస్తువుల పేర్లలా పరిచయం చేయాలి. ఇద్దరికి ఒక కంప్యూటర్ పెడితే, ఒకరు నడిపి ఇంకొకరు చెప్పాల్సి వస్తుంది కనుక, మాట్లాడటం తప్పనిసరి అవుతుంది. యంత్రాల కొరత ఇక్కడ కలిసివచ్చే విషయం.

ఆడపిల్లల గురించి విడిగా ఆలోచించకపోతే వాళ్లు నెమ్మదిగా మాయమవుతారు. ‘అసర్’ సర్వేలోనే ఫోన్ వాడటం తెలిసిన పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతమైతే అమ్మాయిలు 27 శాతం. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఆదివారం ఇంటి పనులు మీద పడతాయి. నడిచి వెళ్లే దూరం, చీకటిపడక ముందే ముగిసే వేళ, ఒక మహిళా వలంటీర్, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటేనే తల్లి పంపుతుంది. కోడింగ్ పాఠ్యప్రణాళికకంటే ఇవి ముందు తేల్చుకోవాల్సినవి.

భద్రత సంగతి మొహమాటానికి వదిలేసేది కాదు. మంచి పనికి వచ్చినవాళ్లను వివరాలు అడగడమేమిటని చాలాచోట్ల ఊరుకుంటారు. అడగాలి. వలంటీరు గుర్తింపు, పోలీసు వెరిఫికేషన్, గదిలో ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలు అన్నవి తొలిరోజు నుంచీ నియమాలు కావాలి. 2012 నాటి పోక్సో చట్టం గురించి ప్రతి వలంటీరుకూ తెలిసి ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డిజిటల్ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల పేరుతో ఆన్‌లైన్ ఖాతాలు తెరిచేముందు, వాళ్ల ముఖాలు కనిపించే ఫొటోలు వలంటీర్లు తమ సోషల్ మీడియా ఖాతాల్లో పెట్టేముందు ఈ సంగతి గుర్తుండాలి.

చోటు మన గ్రంథాలయాల్లోనే ఉంది

వలంటీర్లు మారిపోయినా ఆగని క్లబ్బు కావాలంటే అది ఒక సంస్థను ఆనుకుని ఉండాలి. ఈ సంగతి సికింద్రాబాద్‌కు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసిన నాలుగేళ్లకే, 1905లో ఇక్కడ ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఏర్పడింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో ఉద్యోగులు, వకీళ్లు, వ్యాపారులు చందాలు వేసుకుని ఇలాంటి గ్రంథాలయాలు పెట్టారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ, దళిత వాడల పిల్లలకు బడులు తెరిచారు. ఆ తరం చేసిన పని తీరు చూడండి: వ్యక్తుల ఉత్సాహాన్ని పుస్తకాల బీరువాగా, సభ్యత్వ రిజిస్టరుగా, తెరిచి ఉంచే వేళలుగా మార్చింది. అందుకే స్థాపకులు పోయినా అవి కొనసాగాయి.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. నగరంలో శాఖా గ్రంథాలయాలున్నాయి. వాటిలో బల్లలున్నాయి, ఫ్యాన్లున్నాయి, రిజిస్టరు ఉంది, జవాబుదారీగా ఒక ఉద్యోగి ఉన్నాడు. ఎక్కువ చోట్ల పోటీ పరీక్షలకు చదివే యువతతో అవి నిండి ఉంటాయి. ఆదివారం రెండు గంటలపాటు ఒక మూల పిల్లలకు కేటాయిస్తే, ఆ చదువరుల్లోంచే వలంటీర్లు దొరుకుతారు. బస్తీ వారికి అది పరాయి చోటు కాదు, తల్లిదండ్రులకు అనుమానమూ ఉండదు. కంటోన్మెంట్ బోర్డు వేరే వ్యవస్థ కనుక, రసూల్‌పురా వంటి చోట్ల బోర్డు పాఠశాలలు, కమ్యూనిటీ హాళ్లు ఆ పాత్ర పోషించాలి. లాలాగూడ, మెట్టుగూడలలో రైల్వే హాళ్లున్నాయి.

యంత్రాల సంగతి చివర్న చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటికంటే తేలిక అదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌లను ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. లినక్స్ వేస్తే అవి స్క్రాచ్‌నూ పైథాన్‌నూ నిక్షేపంగా నడుపుతాయి. బాగుచేసే హస్తవాసి సీటీసీ మెకానిక్‌లకు ఉంది. నెలకోసారి వాళ్లలో ఒకరు క్లబ్బుకు వచ్చి ల్యాప్‌టాప్ విప్పి చూపిస్తే, పిల్లలకు అంతకుమించిన పాఠం ఉండదు.

స్వచ్ఛంద సేవ పేరుతో ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందన్న భయం న్యాయమైనదే. కేరళ అందుకు భిన్నమైన దారి చూపింది. 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ ప్రారంభించి, బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, ఆ పునాది మీద 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో హైస్కూళ్లలో విద్యార్థుల ఐటీ క్లబ్బులు పెట్టింది. అక్కడ క్లబ్బు బడికి బదులుగా రాలేదు, బడిలోంచే పుట్టింది. కంప్యూటర్ టీచర్‌ను నియమించాల్సిన బాధ్యత మన ప్రభుత్వానిదే, వలంటీర్లు ఆ ఖాళీని పూడ్చరు, పూడ్చకూడదు. క్లబ్బు ఇచ్చేది మార్కుల బెదురు లేని రెండో చోటు.

కనుక చేయాల్సిన పనులు స్పష్టం. గ్రంథాలయ సంస్థ సికింద్రాబాద్‌లో నాలుగైదు శాఖలను ఎంచి ఆదివారం రెండు గంటలు, తాళం వేసుకునే ఒక బీరువా రాతపూర్వకంగా కేటాయించాలి. కంటోన్మెంట్ బోర్డు ఒక పాఠశాలతో మొదలుపెట్టాలి. కంపెనీలు యంత్రాల లెక్క పక్కనపెట్టి, మూడేళ్లకు కోఆర్డినేటర్ వేతనం ఇస్తామని ఒప్పుకోవాలి. వలంటీర్లు తమ తర్వాత వచ్చేవారి పేరు చెప్పాకే బాధ్యత వదలాలి. రెండేళ్లు క్లబ్బుకు వచ్చిన పదో తరగతి పిల్లలను చిన్నవాళ్లకు నేర్పే వంతులోకి తీసుకోవాలి. ఏడాది చివర లెక్క చూసేటప్పుడు ఎన్ని ల్యాప్‌టాప్‌లు ఇచ్చామన్నది అడగవద్దు. యాభై రెండు ఆదివారాల్లో ఎన్నిసార్లు తలుపు తెరిచామో, వచ్చిన పిల్లల్లో అమ్మాయిలెందరో, నిరుడు నేర్చుకుని ఈ ఏడు నేర్పుతున్నవారెందరో అడగాలి. ఈ మూడింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగిన క్లబ్బుకే నిధులివ్వాలి, గది ఇవ్వాలి.